తెల్లబడ్డ పుస్తెలు

పోయిన వారం సైదమ్మను అత్తగారి వాకిట్లో, కులపోళ్ల నడుమ నిలబెట్టి వదిలేశాను. ఈ వారమంతా ఏ పనిలో ఉన్నా ఆమె ఇంకా అక్కడే ఎండలో నిలబడి ఉన్నట్టు నా మనసు కొట్టుకుంటూనే ఉంది. అందుకే నేరుగా అక్కడికే పోదాం.

మోత్కూరుకు రెండు కోసుల దూరంలో, గొర్ల కురుమల వాడ అది. సైదమ్మ హాలియా వైపు పిల్ల. ఏడేళ్ల కింద పర్వతాలును పెళ్లాడి ఈ వాడకు వచ్చింది. మొన్న పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే, పది రోజుల కిందటిదాకా పచ్చగా మెరిసిన ఆమె పుస్తెలు రెండూ తెల్లగా, వెండి బిళ్లల్లా కనిపించాయి. ముందు చూసింది అత్త బీరమ్మ. చూసిందే తడవు వాడంతా వినేలా అరిచింది. బంగారం అమ్ముకుని వెండికి పూత పెట్టించి మెడలో వేసుకుందని, ఆ బంగారంతోనే ఈ ఎండాకాలం సైదమ్మ తమ్ముడు భీమయ్య పది గొర్రెలు కొన్నాడని. కులపెద్ద ఐలేశం వచ్చి మాట తెగ్గొట్టాడు. నగలు చేసే అవుసులాయనను పిలిపించి పుస్తెలు చూపిద్దాం. మోసమని తేలితే పొద్దుగూకేలోపు సైదమ్మ ఇల్లు విడవాలి. ఆరేళ్ల సోమి మాత్రం తండ్రి ఇంట్లోనే ఉండాలి.

సోమికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తల్లి కొంగు పట్టుకుని, ఇంతమంది తమ ఇంటికి ఎందుకు వచ్చారా అని ఒక్కొక్కరి మొహం చూస్తోంది. పర్వతాలు దొడ్డి గోడకు ఆనుకుని, భుజం మీద గొంగడి వేసుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు.

అవుసుల ఈరాచారి వచ్చాడు. చంకలో ఒక సంచి, చేతిలో కుంపటి. బంగారం చట్టం వచ్చి ఏడాది దాటింది. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్న నాటి నుంచి ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. ఆరు నెలలు సాగర్ కాలువ మట్టి పనికి పోయి వచ్చాడు. సన్నపని చేసిన వేళ్ల మీద ఇప్పుడు పార పట్టిన కాయలు ఉన్నాయి.

"రాయి తెస్తె సాలు గద చారీ, కుంపటెందుకు?" అన్నాడు ఐలేశం.

"రాయి తెచ్చిన. రాయితోని తేలకుంటె ఎట్ల మరి?"

పక్కింటి గుర్వమ్మ అరుగు మీద నుంచి అందుకుంది. "నీ కుంపటి సల్లారి ఏడాదాయె. గిప్పుడు అంటుకుంటదా ఏంది?"

"అంటుకోకుంటె నీ నోటికాడ పెడ్త గుర్వమ్మా. అదే మండుతది."

నలుగురు నవ్వారు. బీరమ్మ నవ్వలేదు.

"నవ్వులాటకు పిలిచిండ్రా ఈయన్ని? ఇప్పియ్యుండ్రి దాని మెడలయి."

"జర ఆగు బీరమ్మా," అంటూ గుర్వమ్మ దిగి వచ్చింది. పసుపు రాసిన దారానికి పసుపు కొమ్ము కట్టి తెచ్చింది. మొగుడు బతికుండగా ఆడదాని మెడ ఒక్క గడియ కూడా ఉత్తగా ఉండకూడదు. ముందు పసుపు కొమ్ము కట్టి, తరవాతే పుస్తెల తాడు తీయాలి. దారం ముడి వేస్తూ గుర్వమ్మ సైదమ్మ చెవిలో, "వణుకుతున్నవే పిల్లా," అంది.

"కోపానికి వణుకుతున్న పెద్దమ్మా. భయానికి గాదు," అంది సైదమ్మ. గుసగుసగా కాదు, అందరికీ వినపడేలాగే అంది.

చారి పుస్తెలను అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. సంచిలోంచి నల్లటి గీటురాయి తీసి, ధోవతి కొంగుతో తుడిచి, ఒక పుస్తెను దాని మీద రుద్దాడు. అందరూ మీదికి వంగారు. రాయి మీద తెల్లటి గీత పడింది. రెండోదాన్ని రుద్దాడు. అదీ తెల్లగానే పడింది.

"సూసిండ్రా!" బీరమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "ఎండి! నేనన్నది అబద్దమా? ఏడేండ్లు అన్నం పెట్టినం, మెడల బంగారం గట్టినం. తీస్కపోయి తమ్మునికి పెట్టుకున్నది!"

ఐలేశం గొంతు సవరించుకున్నాడు. "ఇగ తేలినట్టే గద చారీ?"

"తేలలే," అంది సైదమ్మ.

"నిన్నడగలే నేను."

"నా మెడలయి మామా. నన్నే అడగాలె. పైన తెల్లగున్నదని నేను గూడ చెప్తున్న. నాకు కండ్లు లెవ్వా? రాయి పైనున్నదే సూపిచ్చింది. లోపట ఏమున్నదో సూడుండ్రి."

"లోపట సూడాల్నంటె కొయ్యాలె బిడ్డా," అన్నాడు చారి.

"కొయ్యి."

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. "నా కొడుకు బతికుండంగ పుస్తె కోయిస్తదట! ఇన్నరా?" అని బీరమ్మ గుండె మీద కొట్టుకుంది.

"నన్ను దొంగవన్ననాడు నీ కొడుకు యాదికి రాలేదా అత్తా? దొంగ పెండ్లాం ఉంటె నీ కొడుకు మొకం ఎలుగుతదా?"

చారి ఈ గొడవ వింటున్నట్టు లేడు. పుస్తెలను పక్కన పెట్టి సైదమ్మ చేతులు చూస్తున్నాడు. "నీ చెయ్యి ఇటు సూపియ్యి," అన్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి జిడ్డు ఉంది. ఎన్ని సార్లు తోమినా పోని జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మీ గొర్లకు గజ్జి లేసిందా?"

"లేసింది. పది పన్నెండు దినాలాయె."

"ఏం రాసినవు?"

"మోత్కూరు అంగట్ల పాదరసం తెచ్చి, తమలపాకు రసంల నూరి, వేపనూనెల కలిపి రాసిన. నలపై గొర్లకు నేనొక్కదాన్నే రాసిన."

"ఒంగి రాసినవా?"

"ఒంగకుంటె గొర్రె నా మొకం కాడికి లేసొస్తదా తాతా?"

మళ్లీ నవ్వులు. చారి కూడా నవ్వాడు. "మరి ఒంగినప్పుడు పుస్తెలు ఏడున్నయి?"

సైదమ్మ చెయ్యి తన మెడ దగ్గరికి పోయింది. గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మట్టి చిప్పలో మందు పెట్టుకుని వంగిన ప్రతిసారీ పుస్తెలు జారి చిప్పలో పడేవి. మోచేత్తో వాటిని వీపు వైపు తోసేది. మళ్లీ జారేవి. రెండు దినాలు అదే తంతు. చివరికి విసుగొచ్చి వదిలేసింది.

"మందుల పడ్డయి తాతా," అంది మెల్లగా. "ఒక్కపారి గాదు. వంద పార్లు పడ్డయి."

చారి తల ఊపాడు. "గదే సంగతి. పాదరసం తగిల్తె బంగారం తెల్లగైతది. దాన్ని పట్టుకుంటె ఇగ ఇడువది, ఎంత తోమినా పోదు. మా పనోళ్లకు ఇది ఎరుకే. బంగారం పరీక్షజేసే తేజాబు ద్రావకం సుక్కేస్తె రాయి మీదనే తేలుస్తుంటి గని, నా సీసా ఎండిపోయి ఏడాదాయె. అందుకే కుంపటి తెచ్చిన. నిప్పు మీద పెడితె పాదరసం పొగై పోతది. బంగారమైతె బంగారం మిగుల్తది. ఇంకేదన్నయితె అదే మిగుల్తది."

"ఆమెను కాపాడెటందుకు కథ జెప్తలేవు గద?" అన్నాడు ఐలేశం అనుమానంగా.

"కథనో కాదో గడియసేపట్ల నీ కండ్లతోనే సూస్తవు."

అప్పుడు ఎవరూ ఊహించని మాట ఒకటి బీరమ్మ నోట్లోంచి వచ్చింది.

"ఒద్దు."

ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గింది. "పుస్తెలు నిప్పుల పెట్టుడు ఇంటికి మంచిది గాదు. పోనీ తియ్యి ఐలేశం. పిల్లతల్లి. తప్పయిందని నా కాళ్లు మొక్కి లోపటికి పొమ్మను. నేనేం పగదాన్నా? మందు తగిలి తెల్లగయినట్టున్నయి. నేనే తొందరపడ్డనేమో."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి కోడలిని ఊరు దాటించాలని గొంతు చించుకున్న మనిషి ఈమేనా? ఐలేశానికి మాత్రం ప్రాణం లేచి వచ్చింది. పంచాయితీ తెగక పొద్దెక్కిపోతే ఆయన మందకు నీళ్లు పెట్టేవాళ్లు లేరు.

"ఇగ మంచిదే గద సైదమ్మా. మీ అత్త మాఫ్ జేస్తున్నది. కాళ్లు మొక్కు, పో. నీ బిడ్డ నీ కాడనే ఉంటది."

నీ బిడ్డ నీ కాడనే ఉంటది. ఆ ఒక్క మాట కోసమే రెండు రాత్రులుగా సైదమ్మ కన్ను మూయలేదు. వంగి రెండు పాదాలు ముట్టుకుంటే చాలు. గొర్రెల ముందు వందసార్లు వంగిన నడుమే అది. ఇంకొక్కసారి వంగితే పోయేదేముంది? ఒంటరిగా బస్సెక్కి, కిటికీలోంచి సోమిని చూసుకుంటూ పోవాల్సిన పని ఉండదు.

అంతలో గోడ దగ్గర నుంచి పర్వతాలు మొదటిసారి నోరు విప్పాడు. "ఒప్పుకో సైదా. ఇంట్లకు పోదాం."

సైదమ్మ అతని వైపు తిరిగింది. అతను ఆమెను చూడలేదు. సోమిని చూస్తున్నాడు.

"ఏం ఒప్పుకోవాలె?" అంది. "తియ్యనిది తీసిన్నని ఒప్పుకోవాల్నా? ఇయ్యాల కాళ్లు మొక్కితె ఇయ్యాల్టికి ఇంట్లుంట. రేపు నా బిడ్డకు సంబంధం వస్తది. గప్పుడు గీ వాడల ఒక్కరన్న అనరా, పుస్తెలమ్మిన దొంగ బిడ్డ అని? మాఫ్ జేసిండ్రు అంటె తప్పు జేసినట్టే. నాకు మాఫీ ఒద్దు. తాతా, నిప్పు అంటియ్యి."

"కాలిపోతె?" ఐలేశం గొంతు పెంచాడు. "బంగారం గాదని తేల్తె? మాట మాటే మరి. పొద్దుగూకకముందే పోవాలె. పిల్లను ముట్టనియ్యం."

"ముట్టనియ్యకుండ్రి. అంటియ్యి తాతా."

ఈరాచారి బొగ్గులు పేర్చి ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఏడాదిగా ఊదని ఊపిరి. మొదట దగ్గు వచ్చింది. తరవాత బొగ్గుల అడుగున ఎర్రగా ఒక కన్ను తెరుచుకుంది.

"గాలి ఇటు కొడుతున్నది. అటు దిక్కున్నోళ్లంత ఇటు రాండ్రి. పిల్లల్ని దూరం తీసుకపోండ్రి. గీ పొగ పానానికి మంచిది గాదు. మా మేనమామ గీ పొగ పీల్చి పీల్చి, ముప్పై ఏండ్లు నిండకముందే నోట్ల ఒక్క పన్ను లేకుండ జేసుకున్నడు. సేతులు గూడ వణుకుడే."

గుర్వమ్మ సోమిని ఎత్తుకుని తన అరుగు మీదికి పోయింది. సోమి పోనని ఏడవలేదు. తల్లి వైపు చెయ్యి ఊపింది, ఊరికి పోతున్నట్టు. ఆ చెయ్యి చూడలేక సైదమ్మ కుంపటి వైపు మొహం తిప్పుకుంది.

"మా తల్లిగారిది ముందు పెట్టు. గా సిన్నది."

పెళ్లిలో పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పుట్టింటి పుస్తె కోసం సైదమ్మ తల్లి తన చెవుల గెంటీలు తీసి కరిగించింది. ఒప్పగింతల నాడు బండి పక్కన నడుస్తూ ఊరి పొలిమేర దాకా వచ్చిన ఆ తల్లి చెవులకు ఏమీ లేవు. సాగిపోయిన రెండు బెజ్జాలు మాత్రం ఉన్నాయి. బండి కదిలాక సైదమ్మ వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉంది, ఎవరికీ కనిపించకూడదని. ఆ ఎండాకాలమే కలరా వచ్చి తల్లి పోయింది. బండి కదిలిన ఆ పొద్దు తరవాత సైదమ్మ ఆమెను మళ్లీ చూడనే లేదు.

చారి పట్టకారుతో చిన్న పుస్తెను నిప్పు మీద పట్టాడు. కాసేపు ఏమీ కాలేదు. తరవాత తెల్లదనం చెమట పట్టినట్టు కదిలింది. పల్చని పొగ, కంటికి ఆనీ ఆననట్టు, పక్కకు వాలిపోయింది. చారి ఊపిరి బిగపట్టి మొహం తిప్పుకున్నాడు. అంచుల నుంచి తెలుపు తగ్గుతూ వచ్చింది. దాని కింద నుంచి తేలింది పచ్చన కాదు. బురద రంగు.

"నల్లబడుతున్నది," అని ఎవరో అన్నారు.

సైదమ్మ మెడలోని పసుపు కొమ్మును గుప్పిట పట్టుకుంది.

చారి పుస్తెను తీసి నీళ్లలో వేశాడు. చుయ్‌మంది. చింతపండు పట్టించి గుడ్డతో రుద్దాడు. మళ్లీ రుద్దాడు. గీటురాయి తుడిచి దాని మీద గీశాడు. రాయిని ఐలేశం చేతిలో పెట్టాడు.

నల్లటి రాయి మీద పసుపు గీత. సన్నగా, తేటగా.

"బంగారమే!" గుర్వమ్మ అరుగు మీద నుంచే అరిచింది. "నేనప్పుడే అనుకున్న!"

"నువ్వెప్పుడనుకున్నవే? పొద్దున నువ్వే గద ఎండి అంటివి," అని పక్కామె.

సైదమ్మకు వాళ్ల మాటలు వినిపించడం లేదు. ఆ గీతనే చూస్తోంది. తల్లి చెవుల నుంచి వచ్చిన గీత.

"తేలింది గద," అని బీరమ్మ గబగబా ముందుకొచ్చింది. "ఇగ సాలు. నాదే తప్పు, ఒప్పుకుంటున్న. ఇయ్యి చారీ, రెండోది ఇటియ్యి. ఇంట్లకు పోదాం పా బిడ్డా."

బిడ్డా. ఏడేళ్లలో బీరమ్మ కోడలిని అలా పిలవడం అదే మొదటిసారి. పోయిన గడియ దాకా దొంగదానివి అన్న నోరు. ఆ తీపి సైదమ్మ చెవిలో ముల్లులా దిగింది.

"మా తల్లిగారిది తేలింది. మీది తేలొద్దా అత్తా?"

"మాది ఎట్లుంటె ఏంది? మేమెన్నడన్న ఖరాబుది పెట్టినమా?"

"లేదు గద. మరెందుకు భయం? పెట్టు తాతా."

పెద్ద పుస్తె నిప్పు మీదికి పోయింది. అలాగే తెల్లదనం కదిలింది, పొగ వాలింది. మొదట పచ్చటి పొర ఒకటి మెరిసింది. ఎవరో "ఇది గూడ బంగారమే" అనబోయి ఆగారు. ఆ పొర పగుళ్లు పగుళ్లుగా మాయమై, కింద నుంచి ఎరుపు తేలి, చూస్తుండగానే కర్రిగా అయిపోయింది. చారి నీళ్లలో వేసి తీసి, చింతపండు పట్టించాడు. ఆకురాయి తీసి అంచు మీద రెండు సార్లు రాకాడు. నలుపు కింద ఎర్రటి లోహం కనిపించింది.

"రాగి," అన్నాడు.

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడారు. వాళ్లందరి మీదుగా బీరమ్మ గొంతు లేచింది. పోయిన బలమంతా తిరిగి వచ్చింది. "నేనన్న గద! మా బంగారం తిన్నది! తల్లిగారిది దాసుకొని మాది అమ్ముకున్నది! లేకుంటె చారీ, నువ్వు తిన్నవు! పెండ్లికి మా ఆయన బంగారమిస్తె రాగికి పూత పెట్టి ఇచ్చినవు. మీ జాతే గంత!"

చారి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. కూర్చుని పనిచేసే మనిషి నిలబడితే ఇంత పొడుగుంటాడని ఆ వాడవాళ్లకు అప్పుడే తెలిసింది.

"ఇరవై ఏండ్ల సంది గీ ఊరి పుస్తెలన్ని నేనే జేసిన బీరమ్మా. మట్టి పనికి పోయిన గని ఒకరి బంగారం ముట్టలే. నువ్వన్నవు గాబట్టి సూపిస్త. ఐలేశం, ఇటు రా. గుర్వమ్మా, నీ మెడలది జర ఇటు వట్టు. తియ్యకు, వట్టు సాలు. ఇది నేను జేసింది. తాడు దూరె కొండి సూడు. బిళ్ల ఏరె, కొండి ఏరె. ఎనుక దిక్కు అతుకు కనవడుతున్నదా? నా పుస్తె ఏదైనా గంతే. ఇప్పుడు గీ రాగిది సూడు. అతుకున్నదా?"

ఐలేశం పుస్తెను కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "లేదు. కొండి బిళ్లలకెల్లే ఎల్లింది."

"ఇది పోత పోసింది. నా పుస్తెను మట్టిల అద్ది, గా అచ్చుల రాగి పోసి, పైన పూత పెట్టిండ్రు. పైన నేను జెక్కిన గీతలే ఉన్నయి గని సూడు, మొద్దుగ వడ్డయి. ఇది నా పని గాదు. గీ ఊర్ల పని గాదు."

"అయితె గీ పిల్లనే చేపిచ్చింది!" అంది బీరమ్మ.

"తాతా," సైదమ్మ ఆమె మాట మధ్యలోనే అడిగింది. "గా అచ్చు తియ్యనీకి ఎన్ని దినాలు పడ్తది?"

"అచ్చు తీసి, పోసి, పూత పెట్టనీకి నాలుగైదు దినాలన్న పడ్తది. గన్ని దినాలు అసలుది ఆని చేతిల ఉండాలె. మెడలుంటె కాదు." చారి ఆమె మొహంలోకి చూశాడు. "నీ మెడలకెల్లి తాడు ఎన్నడన్న ఇడిసినవా బిడ్డా?"

"ఇడువలే" అనబోయింది సైదమ్మ. తాడు మార్చినప్పుడు కూడా తానే కొత్త తాడుకు ఎక్కించుకుని, అరగడియలో మెడలో వేసుకునేది. నిద్రలో కూడా గుప్పిట పట్టుకుని పడుకునేది. ఏడేళ్లలో ఎన్నడూ...

ఒక్కసారి.

రెండేళ్ల కింద, రెండో కాన్పుకు బిడ్డ అడ్డం తిరిగితే, బండిలో వేసుకుని, బండి నుంచి బస్సులోకి ఎక్కించి నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. కోత పెట్టాలి, ఒంటి మీద ఏమీ ఉండకూడదు అన్నారు. నొప్పుల్లోనే పసుపు దారం ఒకటి కట్టించుకుని, పుస్తెల తాడు తలమీదుగా తీసి ఒక మనిషి అరచేతిలో పెట్టింది. ఆ అరచేతిని మూసి, "పైలం" అంది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. ఆమెకు చూపించను కూడా లేదు. ఎనిమిదో నాడు ఇంటికి వచ్చే ముందు ఆ మనిషే మళ్లీ తాడు ఆమె మెడలో వేశాడు. వేస్తూ వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మొగోడు అట్లా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. పోయిన బిడ్డ కోసమే అనుకుంది. అతని తల తన పొట్టకు ఆనించుకుని, కుట్లు లాగుతున్నా, అతన్నే ఓదార్చింది.

సైదమ్మ ఐలేశం చేతిలోంచి నల్లబడ్డ రాగి బిళ్లను తీసుకుంది. జనం పక్కకు జరిగారు. నడుచుకుంటూ దొడ్డి గోడ దగ్గరికి పోయింది.

"ఒక్కపారే ఇడిసిన తాతా," అంది వెనక్కి తిరగకుండా. "దవాఖానల. సోమి నాయిన చేతుల పెట్టిన."

అవతల దొడ్డిలో గజ్జి తగ్గుతున్న గొర్రె ఒకటి గోడకు వీపు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"నన్ను సూడు," అంది భర్తతో. "నేల గాదు. పొద్దుగాలకెల్లి నన్ను దొంగ దొంగ అంటుంటె నేల సూసినవు. నా బిడ్డను నాకు కాకుండ జేస్తమంటె నేల సూసినవు. ఇగ నన్ను సూడు."

పర్వతాలు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకెన్ని దినాలకెల్లి ఎరుక?" అని అడిగింది. "నా మెడల ఏమున్నదో నీకు ఎరుకే గద. ఎరుకుండె నన్ను ఒప్పుకోమన్నవు. కాళ్లు మొక్కమన్నవు."

ఐలేశం అడ్డం రాబోయాడు. "ఇది మొగడు పెండ్లాల సంగతి సైదమ్మా, ఇంట్ల మాట్లాడుకోండ్రి."

"నన్ను దొంగవన్నది వాకిట్ల. నిప్పు పెట్టింది వాకిట్ల. ఇదీ వాకిట్లనే." సైదమ్మ రాగి బిళ్లను పర్వతాలు అరచేతిలో పెట్టింది. దవాఖానలో చేసినట్టు వేళ్లు మూయలేదు. అందరికీ కనిపించేలా తెరిచే ఉంచింది. "చెప్పు. నేను దవాఖానల కోత పెట్టిన కడుపుతోని పడి ఉంటె, నా పుస్తె ఏడికి పోయింది? ఎవరి కోసం పోయింది? ఇంటెనే నేను ఈడికెల్లి కదులుత. బిడ్డను తీసుకొని కదుల్తనో, బిడ్డతోని గీ ఇంట్లనే ఉంటనో, గది ఇన్నంక నేను చెప్త. మీరు గాదు."

పర్వతాలు భుజం మీది గొంగడి జారి కింద పడింది, అతను తీసుకోలేదు. అరచేతిలోని రాగిని చూశాడు. భార్యను చూశాడు. ఆ తరవాత ఆమె భుజం మీదుగా, జనం వెనక్కి చూశాడు.

అందరూ అటు తిరిగారు. పొద్దుటి నుంచి ఒక్క చోట నిలవని బీరమ్మ, ఎవరూ చూడనప్పుడు జరుగుతూ జరుగుతూ ఇంటి గడప దాకా పోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా," అన్నాడు పర్వతాలు. "నువ్వు చెప్తవా? నేనే చెప్పాల్నా?"